తేలు కుడితే మంట కాదు, చెమట చూడండి

"తేలు కుట్టిన దొంగ" అని మనలో ఓ సామెత ఉంది. దొంగతనానికి పోయినవాడు తేలు కుట్టినా కిక్కురుమనడు. అరిస్తే దొరికిపోతాడు మరి! దొంగ సంగతి అలా ఉంచితే, పొలం పనికి పోయే మనవాళ్లు కూడా చాలాసార్లు ఇలాగే నోరు మెదపరు. "పని మధ్యలో లేస్తే కూలి పోతుంది, కుట్టింది తేలే కదా, పాము కాదు కదా" అని వేలికి గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ వంగి వేరుశనగ పీకుతారు. ఇంట్లో చిన్నపిల్లవాడికి కుడితే ఏ ఆకో నూరి పెట్టి, ఏడుపు ఆగగానే నిద్రపుచ్చేస్తారు.

ఎక్కువసార్లు ఏమీ కాదు. నొప్పి పూటో రోజో ఉండి అదే పోతుంది. కానీ ఎప్పుడో ఒకసారి, ముఖ్యంగా పిల్లలకు, అదే తేలు ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు మనకు దొరికే వ్యవధి కొద్ది గంటలే. ఆ గంటల్లో ఏం చూడాలి, ఏం చేయాలి, అసలు తేలు ఇంట్లోకి రాకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది రైతు కుటుంబంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన విషయం.

పెద్దది కాదు, చిన్నదే ప్రమాదం

మన దేశంలో వందకు పైగా రకాల తేళ్లు ఉన్నాయి. రైతులకు తెలిసినవి ముఖ్యంగా రెండు. ఒకటి మండ్రగబ్బ. నల్లగా, జానెడు దాకా పెరిగి, ముందువైపు ఎండ్రకాయకు ఉన్నట్లు లావుపాటి పటకార్లతో చూడగానే గుండె జల్లుమనేలా ఉంటుంది. రెండోది ఎర్రతేలు. ఇది రెండు మూడు అంగుళాలకు మించదు. ఎరుపు, గోధుమ, పసుపు కలిసిన రంగులో, సన్నటి పటకార్లతో, లావైన తోకతో ఉంటుంది.

మనం భయపడేది మండ్రగబ్బకు. కానీ ప్రాణం తీసే శక్తి ఉన్నది చిన్నగా కనిపించే ఎర్రతేలుకే. దీని శాస్త్రీయ నామం హొటెంటోట్టా టాములస్. మహారాష్ట్రలోని కొంకణ ప్రాంతం, గుజరాత్‌లోని సౌరాష్ట్ర, కర్ణాటక, తమిళనాడులతో పాటు మన రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ ఇది ఉంది. రైతు సోదరులు ఒక కొండగుర్తు పెట్టుకోవచ్చు. పటకార్లు లావుగా ఉన్న తేలు వేటకు పటకార్ల బలాన్ని వాడుకుంటుంది. పటకార్లు సన్నగా, తోక లావుగా ఉన్న తేలు విషం మీద ఆధారపడుతుంది. అయితే చీకట్లో కుట్టింది ఏ రకమో ఎవరికి కనిపిస్తుంది? అందుకే ఏ తేలు కుట్టినా ఎర్రతేలే కుట్టిందన్నట్లు జాగ్రత్తపడడం మంచిది.

లోపల ఏం జరుగుతుంది?

పంపుసెట్టు ఉన్న రైతుకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. డెలివరీ పైపు వాల్వు మూసేసి మోటారు ఆన్ చేస్తే ఏమవుతుంది? పైపులో ఒత్తిడి పెరుగుతుంది, చాలాసేపు అలాగే నడిస్తే పంపు వేడెక్కి దెబ్బతింటుంది. ఎర్రతేలు విషం ఒంట్లో చేసే పని ఇదే. విషం నరాలను రెచ్చగొడుతుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఆ బిగింపుకు ఎదురుగా రక్తాన్ని నెట్టలేక గుండె అలసిపోతుంది. గుండె నెట్టలేని రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మనిషి ఆయాసపడతాడు, దగ్గితే గులాబీ రంగు నురగ వస్తుంది. అక్కడిదాకా వస్తే కాపాడడం కష్టం.

చేతులు కాళ్లు చల్లబడడం, ఒళ్లంతా చెమటలు పోయడం ఈ బిగింపుకు తొలి గుర్తులు. వీటికి, కుట్టిన చోట ఉండే మంటకు సంబంధం లేదు. మంట భరించలేక కేకలు పెట్టేవారిలో చాలామందికి విషం ఒళ్లంతా ఎక్కి ఉండదు. విషం నిజంగా ఎక్కినవారిలో కుట్టిన చోట నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా. "పిల్లోడు ఏడుపు ఆపాడు, తగ్గిపోయింది" అని మనం పొరబడేది ఇక్కడే. వాడి చొక్కా తడిసిందా, అరికాళ్లు చల్లగా ఉన్నాయా అన్నదే చూడాలి.

మహాడ్ డాక్టరు కనుగొన్న దారి

తేలు కుట్టి గుండె దెబ్బతింటే దానికి మందేమిటో ప్రపంచానికి చెప్పింది ఓ పల్లెటూరి డాక్టరే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన పేరు హిమ్మత్‌రావ్ బావస్కర్. మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో పుట్టారు. 1970ల్లో రాయగఢ్ జిల్లా మహాడ్ దగ్గరున్న బిర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. కొంకణంలో అప్పట్లో ఎర్రతేలు కుట్టి ఎందరో చనిపోతుండేవారు. ఆయన ఒక్కో రోగి పక్కన కూర్చుని నాడి, రక్తపోటు, చెమట, ఆయాసం గంట గంటకూ రాసి పెట్టుకున్నారు. 1982లో ఆ వివరాలు ఇంగ్లండు నుంచి వెలువడే లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

తర్వాత ఆయన రక్తపోటు తగ్గించడానికి వాడే ప్రజోసిన్ అనే మాత్రను తేలు కుట్టినవారికి ఇచ్చి చూశారు. పైన చెప్పిన పంపుసెట్టు లెక్కలో ఇది మూసుకున్న వాల్వును తెరిచే మందు. బిగుసుకున్న రక్తనాళాలు వదులై గుండె మీద బరువు తగ్గుతుంది. ఈ మందు రాకముందు తీవ్రంగా విషమెక్కి ఆస్పత్రికి వచ్చినవారిలో నూటికి 25 నుంచి 30 మంది దాకా చనిపోయేవారు. వచ్చిన తర్వాత అది నూటికి నలుగురిలోపుకు దిగింది. ఖరీదైన యంత్రాలు అక్కర్లేకుండా పల్లెల్లోని చిన్న ఆస్పత్రిలోనే ఇవ్వగలిగిన మాత్ర ఇది. బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ పురస్కారం దక్కింది.

తేలు విషానికి విరుగుడు ఇంజెక్షను కూడా ఉంది. ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థ దీన్ని తయారుచేస్తుంది. ప్రజోసిన్‌తో పాటు ఈ విరుగుడు కూడా ఇస్తే రోగులు ఇంకా త్వరగా కోలుకుంటారని బావస్కర్ దంపతులు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తెలిపారు. పాముకాటు విరుగుడు మందు తేలు విషానికి పనిచేయదు. రెండూ వేరు వేరు.

కుట్టిన వెంటనే ఏం చేయాలి?

ముందుగా టైము చూసి గుర్తుపెట్టుకోవాలి. "ఎప్పుడు కుట్టింది?" అన్నదే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న.

కుట్టిన చోట సబ్బు, నీళ్లతో కడగాలి. ఆ చేతికి, కాలికి ఉన్న ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు తీసేయాలి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. మంట తగ్గడానికి ఐసుముక్కను గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున ఆపి ఆపి పెట్టవచ్చు. ఐసు లేకపోతే చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ చాలు. మనిషిని నడిపించకుండా కూర్చోబెట్టి గానీ పడుకోబెట్టి గానీ ధైర్యం చెప్పాలి.

ఆ తర్వాత ఈ కింది గుర్తులు కనిపెడుతూ ఉండాలి:

- ఒళ్లంతా చెమటలు పట్టడం, బట్టలు తడిసిపోవడం
- అరచేతులు, అరికాళ్లు చల్లబడడం
- వాంతులు, నోట్లోంచి చొంగ కారడం
- మగపిల్లల్లో, మగవారిలో అంగం గట్టిపడడం (సిగ్గుపడి దాచవద్దు, డాక్టర్లకు ఇది ముఖ్యమైన గుర్తు)
- గుండె దడ, నాడి మరీ వేగంగా గానీ మరీ నెమ్మదిగా గానీ కొట్టుకోవడం
- ఆయాసం, దగ్గు, పడుకోలేక లేచి కూర్చోవడం
- పిల్లలు మత్తుగా పడి ఉండడం లేదా తెరిపి లేకుండా కొట్టుకోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. బండి రావడం ఆలస్యమయ్యేట్లుంటే ఆటో అయినా, ట్రాక్టరు అయినా కట్టుకుని బయల్దేరాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు, బి.పి. ఉన్నవారు, ముసలివారి విషయంలో గుర్తులు కనిపించేదాకా ఆగనే కూడదు. కుట్టిందని తెలిసిన వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. విష లక్షణాలు అరగంటలోనూ మొదలుకావచ్చు, కొన్ని గంటలు ఆగి మొదలుకావచ్చు. అందుకే బాగానే ఉన్నట్లు కనిపించినా పిల్లలను ఆ రాత్రంతా ఆస్పత్రిలో ఉంచమని డాక్టరు అంటే విసుక్కోకుండా ఉండాలి.

తేలును పట్టుకోవాలని ఇల్లంతా వెతుకుతూ కాలం పోగొట్టుకోవద్దు. కళ్లెదుట కనిపిస్తే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంటే చాలు.

ఇవి చేయవద్దు

కుట్టినచోట బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, కిరోసిన్ పోయడం, వాతలు పెట్టడం పనికిరావు. కోసినచోట చీము పట్టడం తప్ప విషం బయటికి రాదు. పైన తాడుతో బిగించి కట్టడం కూడా తప్పే. విషం ఆగదు సరికదా, రక్తం ఆడక చెయ్యి దెబ్బతింటుంది.

చింతగింజ అరగదీసి అంటించడం, ఉత్తరేణి ఆకు రుద్దడం, ఉల్లిపాయ పెట్టడం, మంత్రం వేయించడం మన పల్లెల్లో తాతల నాటి అలవాటు. వీటితో తగ్గిందని చెప్పేవారు ప్రతి ఊళ్లో ఉంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. ఎక్కువ తేలుకాట్లు ఏ మందూ లేకపోయినా వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి, ఆ సమయంలో ఏది చేస్తే దానికే పేరు వస్తుంది. కానీ ఎర్రతేలు విషం గుండెకు ఎక్కినప్పుడు ఆకుకూ మంత్రానికీ లొంగదు. మంత్రం వేయించాలనే పెద్దవాళ్లు ఉంటే వారితో గొడవ అక్కర్లేదు. ఆస్పత్రికి పోయే ఆటోలో మంత్రం వేసే ఆయన్నీ ఎక్కించుకుని పొండి! బండి మాత్రం ఆగకూడదు.

కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణమాసం మూడో సోమవారం నాడు కొండలరాయుడికి తేళ్లను సమర్పించే ఆచారం ఉంది. భక్తులు కొండమీద రాళ్లు లేపి తేళ్లను పట్టుకుంటారు. అది వారి నమ్మకం. దాన్ని చూసి వచ్చిన పిల్లలు ఇంటి దగ్గర తేలు తోక పట్టుకోబోకుండా పెద్దలు ఓ కన్నేసి ఉంచాలి.

ఊళ్లో ఆర్‌ఎంపి దగ్గర అలర్జీ ఇంజెక్షనో, స్టిరాయిడ్ ఇంజెక్షనో చేయించుకుని ఇంటికి వచ్చేయడం మరో అలవాటు. ఈ ఇంజెక్షన్లకు తేలు విషం విరగదు. వాటిని నమ్ముకుని విలువైన గంటలు పోగొట్టుకోవడమే అసలు నష్టం. అలాగే ఆస్పత్రిలో "సెలైను పెట్టండి సార్" అని పట్టుబట్టవద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉన్నప్పుడు ఇష్టమొచ్చినట్లు సెలైను ఎక్కిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరుకే వదిలేయాలి.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

నొప్పి ఒక్కటే ఉంటే నొప్పి మాత్రలు ఇస్తారు, అవసరమైతే కుట్టినచోట మత్తు ఇంజెక్షను చేస్తారు. విష లక్షణాలు ఉంటే ఒంటి బరువును బట్టి ప్రజోసిన్ మాత్ర ఇచ్చి, చేతులు కాళ్లు వెచ్చబడేదాకా కొన్ని గంటలకొకసారి మళ్లీ ఇస్తారు. ఈ మాత్ర వేసినాక రోగిని లేపి కూర్చోబెట్టడం, పసివాణ్ణి భుజాన వేసుకుని తిప్పడం చేయరాదు. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగే అవకాశం ఉంది. పడుకోబెట్టే ఉంచాలి. మందు పనిచేసి చేతులు కాళ్లు వెచ్చబడే సమయానికి కుట్టినచోట నొప్పి మళ్లీ రావచ్చు. అది మంచి గుర్తే, కంగారుపడవద్దు.

ఇంత మంచి మందు కదా అని మెడికల్ షాపులో కొని ఇంట్లో పెట్టుకుని సొంతంగా వేయకూడదు. బి.పి. చూడకుండా, బరువు లెక్కకట్టకుండా వేస్తే అదే ప్రమాదమవుతుంది.

ఇంట్లోకి రాకుండా...

తేలు పగలంతా చీకటి సందుల్లో నక్కి, రాత్రి బొద్దింకలు, చిమ్మెటలు, పురుగుల వేటకు బయటికి వస్తుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ పిల్లలు మొదట్లో తల్లి వీపు మీదే ఉంటాయి. వీపున పిల్లలతో ఒక తల్లి గోడ సందులో చేరిందంటే కొద్దిరోజులకు ఇల్లంతా తేళ్లే. కాబట్టి చంపడం కన్నా దానికి దాక్కునే చోటు, తిండి లేకుండా చేయడం ముఖ్యం.

బండరాళ్లు, మట్టితో కట్టిన గోడలు, చౌడు మిద్దెలు, పెంకుటిళ్లు, కొట్టాలు ఉన్నవారు ఏటా వేసవికి ముందే గోడలు చూసుకోవాలి. రాతిగోడ సందులను ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక కలిపి పూడ్చవచ్చు. మట్టిగోడకు సిమెంటు సరిగా పట్టదు. ఎర్రమట్టిలో వరిపొట్టు గానీ సన్నగా తరిగిన గడ్డి గానీ కలిపి బాగా తొక్కి మెత్తితే సరిపోతుంది. ఖర్చు పెద్దగా ఉండదు, ఇంటిల్లిపాదీ రెండు రోజులు కష్టపడితే చాలు.

తలుపు కింద సందుకు పాత సైకిలు ట్యూబు ముక్క మేకులతో కొట్టండి. జాలారి తూముకు, కిటికీలకు సన్న జాలీ బిగించండి. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గోడ అడుగున బయటివైపు అడుగు ఎత్తున నున్నటి టైలు వేయించుకుంటే మంచిది. నున్నగా ఉన్నచోట తేలుకు పట్టు దొరకదు.

కట్టెలు, పిడకలు, వేరుశనగ కట్టె, పాత ఇటుకలు, కడప బండలు గోడకు ఆనించి పేర్చవద్దు. ఇంటికి దూరంగా, వీలైతే నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. రాత్రి పొయ్యిలోకి కావలసిన కట్టెలు పొద్దుండగానే దులిపి తెచ్చుకోవాలి. దొడ్లో కోళ్లు తిరుగుతుంటే తేళ్లను, పురుగులను ఏరుకు తింటాయి. అయితే రాత్రి తిరిగే తేలును పగటి కోడి పూర్తిగా నిర్మూలించలేదు. అది అదనపు సాయమే.

పడుకునే మంచం గోడకు జానెడు దూరం జరపాలి. దుప్పటి నేలకు వేలాడకూడదు. దోమతెర అంచులు పరుపు కిందికి మడిస్తే దోమలతో పాటు తేలూ రాదు. పిల్లల్ని గోడవార నేలమీద పడుకోబెట్టవద్దు. చెప్పులు, బూట్లు, దండెం మీది బట్టలు, చాప, దుప్పటి దులపకుండా వాడవద్దు. రాత్రి లేస్తే లైటు వేసి, చెప్పులు తొడిగి అడుగు వేయాలి.

ఇంకో చిట్కా. దొంగనోట్లు పట్టడానికి షాపుల్లో వాడే నీలి లైటు లాంటి టార్చి వెలుగులో తేలు ఒళ్లు పచ్చగా మెరుస్తుంది. చీకటి పడ్డాక అలాంటి టార్చితో గోడలు, కట్టెల కుప్ప చూస్తే దాక్కున్నవి బయటపడతాయి. దొరికినదాన్ని పొడవాటి పటకారుతో తీసేయాలే గానీ చేత్తో ముట్టుకోకూడదు.

పొలానికి తెచ్చిన పురుగుమందులు ఇంటి గోడలకు చల్లడం మాత్రం వద్దే వద్దు. సందు లోపలున్న తేలు చావకపోవచ్చు, ఆ మందు పిల్లల ఒంట్లోకి మాత్రం పోతుంది.

పొలంలో పనిచేసేటప్పుడు

గట్టు రాళ్లు ఎత్తేటప్పుడు ముందు గడ్డపారతో కదిలించాలి. అవతలి అంచును మనవైపు లేపితే, కింద తేలు ఉన్నా దానికీ మనకూ మధ్య ఆ రాయే అడ్డుంటుంది. వామి నుంచి గడ్డి, కుప్ప నుంచి శెనక్కాయ కట్టె తీసేముందు కర్రతో కొట్టి, కొంచెం ఆగి చెయ్యి పెట్టాలి. ఆరవేసిన గోనె సంచులు, టార్పాలిన్లు దులిపి మడవాలి. వట్టి కాళ్లతో పనిచేయకుండా బూట్లు, కనీసం చెప్పులు వాడాలి. కూలీలు పెట్టుకున్న రైతులు వారికీ ఈ మాట చెప్పాలి. ఎవరికైనా కుడితే "ఆ రోజు కూలి నీదే, ముందు ఆస్పత్రికి పో" అనే ఒక్క మాట ప్రాణం నిలబెడుతుంది.

గోడకు రాసిపెట్టుకోండి

1. మంట ఎంతుందని కాదు, చెమట పట్టిందా, కాళ్లు చల్లబడ్డాయా అని చూడాలి.
2. పిల్లలకు కుడితే ఏ గుర్తూ లేకపోయినా ఆస్పత్రికే.
3. కోయొద్దు, కట్టు కట్టొద్దు, కిరోసిన్ పోయొద్దు.
4. 108 అన్ని ఫోన్ల నుంచీ ఉచితం.
5. కుట్టిన టైము గుర్తుంచుకోవాలి.

చివరగా ఒక పని. తేలు కుట్టినాక అర్ధరాత్రి పోయి మందుందా లేదా అని వెతుక్కోవడం కాదు, ఈ వారంలోనే మీ ఊరి సర్పంచినో, ఆశా కార్యకర్తనో వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ప్రజోసిన్ మాత్రలు స్టాకు ఉన్నాయా, రాత్రిపూట ఎవరు ఉంటారు, విరుగుడు ఇంజెక్షను ఏ ఆస్పత్రిలో దొరుకుతుంది అని అడిగి రాసుకోండి. లేకపోతే తెప్పించమని అర్జీ ఇవ్వండి. విత్తనాలు, ఎరువులు సీజనుకు ముందే చూసుకుంటాం కదా, ఇదీ అంతే.